డిఫ్యూజర్ మొరాయిస్తే: గంజాం, గజపతి, రాయగడ జిల్లాల ఇళ్ళకు సమస్య - పరిష్కారం

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్ళలోని తెలుగు ఇళ్ళల్లో సాంబ్రాణి ధూపం మానకుండానే నీటిలో వేసిన పరిమళ తైలాన్ని తుంపరగా గదిలోకి చిమ్మే డిఫ్యూజర్ కూడా చోటు సంపాదించుకుంది. పెట్టెతో వచ్చే కాగితంలో బటన్ల వివరం ఉంటుంది గాని, సముద్రతీరపు బోరు నీటితోనూ, అంగడిలో దొరికే మొగలి అత్తరుతోనూ ఆ యంత్రం ఎలా ప్రవర్తిస్తుందో ఉండదు. బాగుచేయమని దుకాణానికి వచ్చే డిఫ్యూజర్లలో చాలావాటికి నిజానికి యంత్రదోషం ఉండదు. అందులో పోసిన నీరో, వేసిన నూనో కారణమై ఉంటుంది.

ముందుగా దాని పని తీరు తెలిస్తే తక్కిన విషయాలన్నీ సులువుగా అర్థమవుతాయి. ట్యాంకు అడుగున రెండు సెంటీమీటర్లకు మించని చిన్న పింగాణి బిళ్ళ ఉంటుంది. కరెంటు అందగానే అది సెకనుకు సుమారు 17 లక్షల సార్లు కంపించి, పైనున్న నీటిని అతి సన్నని తుంపరగా చిమ్ముతుంది. అడుగున ఉన్న చిన్న ఫ్యాను ఆ తుంపరను మూతకున్న రంధ్రం గుండా బయటికి నెడుతుంది. మనం దాన్ని ఆవిరి అంటాం గాని, నీరు అక్కడ మరగడం లేదు. మరిగితే నీటిలోని సున్నం, ఉప్పు గిన్నెలోనే మిగిలిపోయేవి. ఇక్కడ అవి కూడా తుంపరతో పాటే గదిలోకి వస్తాయి.

లైటు వెలుగుతోంది, తుంపర రావడం లేదు లేదా బాగా సన్నగిల్లింది

మొదట నీటి మట్టం చూడాలి. గరిష్ఠ గీత దాటి పోస్తే బిళ్ళ మీద నీటి బరువు పెరిగి తుంపర పైకి లేవదు. చాలామంది నీరు తక్కువైందనుకొని మరికొంత పోసి సమస్యను ఇంకా పెంచుకుంటారు. గీతకు కొంచెం కిందికి నీరు తగ్గించి మళ్ళీ ఆన్ చేసి చూడండి. నీరు మరీ తక్కువగా ఉంటే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది, అది రక్షణ కోసం చేసిన ఏర్పాటు. నీరు లేకుండా నడిస్తే ఆ బిళ్ళ వేడెక్కి పగిలిపోతుంది.

మట్టం సరిగానే ఉంటే బిళ్ళ మీద పొర కట్టిందని అర్థం. ప్లగ్గు తీసి, నీరు పారబోసి, వెలుతురులో చూస్తే ఆ పొర స్వభావం తెలుస్తుంది. తెల్లగా, గరుకుగా ఉంటే అది నీటి సున్నం. పసుపుపచ్చగా, వేలికి జిడ్డుగా తగిలితే అది నూనె. రెండింటికీ మందు ఒకటి కాదు. సున్నపు పొరకు పులుపు కావాలి: గోరువెచ్చని నీరు ఒక కప్పులో అర చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, బిళ్ళ మునిగేంత పోసి, యంత్రాన్ని ఆన్ చేయకుండా పావుగంట ఉంచి, ఇయర్ బడ్‌తో మెల్లగా రుద్దాలి. తెల్ల వెనిగర్ సమానమైన నీటితో కలిపినా పని జరుగుతుంది. నూనె పొరకు మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్ చాలు. యంత్రం పూర్తిగా ఆరేదాకా ప్లగ్గు పెట్టకూడదు. రెండు పొరలూ ఉంటే ముందు జిడ్డు తీసి, తర్వాత సున్నం సంగతి చూడాలి, ఎందుకంటే జిడ్డు మీద పులుపు నీరు నిలవదు. చాకు మొన, గిన్నెలు తోమే స్టీలు పీచు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. బిళ్ళ మీది పూత గీసుకుపోతే మళ్ళీ బాగుకాదు. యంత్రం నడుస్తుండగా బిళ్ళను వేలితో తాకడమూ కూడదు, చుర్రుమని కాలినంత నొప్పి పుడుతుంది.

బిళ్ళ శుభ్రంగానే ఉండి తుంపర లోపలే సుడులు తిరుగుతూ బయటికి రాకపోతే అడుగునున్న గాలి కిటికీలో దుమ్ము పట్టిందని అర్థం. మెత్తటి పాత టూత్ బ్రష్‌తో పొడిగా దులపడం చాలు. డిఫ్యూజర్‌ను మెత్తటి టేబుల్ క్లాత్ మీద పెట్టినా ఆ కిటికీ మూసుకుపోతుంది.

టీవీ మీద, బల్ల మీద తెల్లటి పొడి కనిపిస్తోంది

ఇది నూనె తప్పు కాదు, నీటిదే. గోపాల్‌పూర్ వైపు తీరానికి దగ్గరగా ఉన్న కొన్నిచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. లోపలి ఊళ్ళలో సున్నం ఎక్కువగా ఉన్న బావులూ ఉన్నాయి. మీ నీరు ఏ రకమో తెలుసుకోవడానికి వంటగదిలోని కెటిల్ అడుగు చూస్తే సరిపోతుంది: నెలకొకసారి తెల్లటి పెచ్చు కడుతుంటే ఆ నీరు డిఫ్యూజర్‌కు పనికిరాదు. కాచి చల్లార్చితే సరిపోతుందని చాలామంది నమ్మకం. కాచడం వల్ల సున్నంలో కొంత భాగం గిన్నె అడుగుకు చేరుతుంది గాని, కరిగి ఉన్న ఉప్పు ఎక్కడికీ పోదు, పైగా నీరు ఇగిరేకొద్దీ అది చిక్కబడుతుంది.

ఇంట్లో ఆర్ఓ ఫిల్టర్ ఉంటే ఆ నీరే మంచిది. అది లేనివారు శుభ్రంగా పట్టిన వాననీటిని వడకట్టి కాచి వాడుకోవచ్చు. జల్లు మొదలైన వెంటనే పట్టిన నీటిలో డాబా దుమ్ము ఉంటుంది గనుక కాసేపు కురవనిచ్చి పట్టాలి. ఇన్వర్టర్ కోసం ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టే ఇళ్ళు మన వైపు కొన్ని ఉన్నాయి. ఆ నీటిలో సున్నం ఉండదన్న మాట నిజమే, కాని ఏసీ లోపలి దుమ్ము, బూజు, సూక్ష్మజీవులు అందులో కలిసి వస్తాయి. దాన్ని తుంపరగా మార్చి ఊపిరితిత్తుల్లోకి పంపడం మంచిది కాదు. బ్యాటరీ నీళ్ళు కూడా పీల్చడానికి ఉద్దేశించి తయారుచేసినవి కావు.

అత్తరు వేసినప్పటి నుంచి యంత్రం మందగించింది

ఈ సమస్య గంజాం జిల్లాలో తప్పకుండా ఎదురయ్యేదే, అందుకే కొంచెం వివరంగా చెప్పాలి. ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి ప్రాంతాల మొగలిపూలు దేశమంతటా పేరున్నవి. గంజాం మొగలి రూహ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వానాకాలంలో పూలు విరివిగా వచ్చినప్పుడు వాటిని రాగి పాత్రల్లో నీటితో ఉడికించి, వచ్చే ఆవిరిని గొట్టం గుండా మరో పాత్రలోకి పంపి చల్లబరుస్తారు. రూహ్ అంటే ఆ పూల నుంచి వచ్చిన తైలం మాత్రమే. అత్తరులో మాత్రం, ఆవిరిని పట్టే పాత్రలో ముందే ఒక ఆధార తైలం ఉంటుంది. పాత పద్ధతిలో అది గంధపు తైలం, చవక రకాల్లో లిక్విడ్ పారఫిన్ అనే ఖనిజ తైలం.

డిఫ్యూజర్‌కు చిక్కు ఆ ఆధార తైలంతోనే. పారఫిన్ గాలిలోకి ఎగిరిపోయే పదార్థం కాదు. అది నీటి మీద తేలి, నీరు తగ్గుతున్నకొద్దీ ట్యాంకు గోడలకూ, చివరికి బిళ్ళకూ అంటుకుంటుంది. గంధపు తైలం కూడా చిక్కనిదే, నెమ్మదిగా మాత్రమే ఆవిరవుతుంది. నువ్వుల నూనె, కొబ్బరి నూనె కలిపిన తైలాలు వేసినా ఇదే ఫలితం. కాబట్టి సీసా మీద ఏమి రాసి ఉన్నా తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూడండి. పలుచని తైలమైతే మరక దాదాపు మిగలదు. జిడ్డు మరక అలాగే నిలిచి ఉంటే అది డిఫ్యూజర్‌లో వేయదగింది కాదు. వట్టివేరు, గంధం వంటి చిక్కని తైలాలు స్వచ్ఛమైనవైనా మరక వదులుతాయి, వాటికీ ఈ యంత్రం తగదు. ఈ పరీక్ష కృత్రిమ పరిమళాన్ని పట్టివ్వదు. జిడ్డును మాత్రమే పట్టిస్తుంది.

మొగలి వాసన గదిలో కావాలనుకుంటే అత్తరును దూది ఉండకు అంటించి బీరువా అరలో పెట్టడమో, గిన్నెడు వేడినీటిలో చుక్క వేసి కిటికీ పక్కన ఉంచడమో మేలు. అప్పటికే అత్తరు వేసి ఉంటే ట్యాంకులో గోరువెచ్చని నీరు, ఒకే ఒక్క చుక్క గిన్నెల సబ్బు నీరు వేసి మెత్తటి గుడ్డతో తుడిచి, సబ్బు జాడ లేకుండా కడిగి, ఆపైన బిళ్ళకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాయాలి. సబ్బు మిగిలితే నురుగు లేచి తుంపర ఆగిపోతుంది.

పూజకు వాడే కర్పూరం బిళ్ళలు వేయడం ఇంకో పొరపాటు. కర్పూరం నీటిలో అతి తక్కువగా కరుగుతుంది, యంత్రపు బిళ్ళ మీద స్ఫటికాలుగా గట్టిపడుతుంది. పైగా చిన్నపిల్లలకు కర్పూరం ప్రమాదకరం.

డిఫ్యూజర్ చుట్టూ నీరు చిమ్ముతోంది

సాధారణంగా ఇది సీలింగ్ ఫ్యాను పని. ఫ్యాను నేరుగా పైనుంటే తుంపర లేచేలోపే కిందికి కొట్టుకొచ్చి బల్లను తడుపుతుంది, పాలిష్ పెట్టిన టేకు బల్లపై తెల్లటి వలయం మిగులుతుంది. యంత్రాన్ని ఫ్యానుకు దూరంగా, నేలకు రెండు మూడడుగుల ఎత్తున, పింగాణి పళ్ళెంలో ఉంచాలి.

అడుగు నుంచి కారుతుంటే మాత్రం వెంటనే ప్లగ్గు తీయాలి. నీరు పారబోసేటప్పుడు గాలి వచ్చే గొట్టం ఉన్న వైపు వంచితే నీరు సర్క్యూట్‌లోకి జారుతుంది. ట్యాంకు లోపల చూస్తే ఆ గొట్టం తెలుస్తుంది; దానికి ఎదురు వైపుకే వంచాలి. నీరు లోపలికి పోయిందని అనుమానం ఉంటే బోర్లించి, నీడలో రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. వానాకాలపు తేమలో ఒక్క రోజు చాలదు. నారింజ, నిమ్మ తైలాలు ట్యాంకు అంచున నేరుగా పడి ఆరిపోతే కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి చీలుతుంది. ఒక ముక్క థర్మకోల్ మీద నారింజ తైలం చుక్క వేస్తే అది కరిగి గుంట పడటం కళ్ళారా చూడవచ్చు. అందుకే తైలాన్ని ఎప్పుడూ నీటి మధ్యలో వేసి, అంచున పడితే వెంటనే తుడవాలి.

తుంపర బాగుంది, కాని వాసన పాడైంది లేదా రావడం లేదు

ముక్క వాసన, మురికి గుడ్డ వాసన వస్తే నిల్వనీరే కారణం. రాత్రి మిగిలిన నీటిని మర్నాడు మళ్ళీ నడపకూడదు. ట్యాంకు మూలల్లో గులాబీ రంగు జిగురు కనిపిస్తే అది సూక్ష్మజీవుల పొర. ప్రతి రోజూ నీరు పారబోసి తుడిచి, మూత తీసి ఆరబెట్టడం, వారానికొకసారి నిమ్మ ఉప్పుతో కడగడం తప్పనిసరి. జిగురు పోవాలని బ్లీచింగ్ ద్రావణాన్ని వెనిగర్‌తో గాని, నిమ్మ ఉప్పుతో గాని కలపవద్దు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

టర్పెంటైన్ లాంటి వాసన వస్తే తైలం పాతబడింది. నారింజ, నిమ్మ, టీ ట్రీ వంటివి మూత తెరిచాక గాలి తగిలి ఏడాది రెండేళ్ళలో చెడతాయి, ఎండపడే కిటికీలో పెడితే ఇంకా త్వరగా.

అసలు వాసనే తెలియకపోతే చుక్కలు పెంచకముందు బయటికి వెళ్ళి పది నిమిషాల తర్వాత రండి. ముక్కు ఒకే వాసనకు అలవాటు పడి దాన్ని గుర్తించడం మానేస్తుంది. 100 మిల్లీలీటర్ల నీటికి మూడు నుంచి ఐదు చుక్కలు చాలు.

తలనొప్పి, దగ్గు, కళ్ళ మంట

యంత్రాన్ని ఆపి కిటికీలు తెరవాలి. అరగంట నుంచి గంట నడిపి, అంతసేపే ఆపడం సరైన పద్ధతి. రాత్రంతా మూసిన గదిలో నడపడం కాదు. ఉబ్బసం ఉన్నవారి గదిలో, గర్భిణుల వద్ద డాక్టరును అడగకుండా వాడవద్దు. జలుబు చేసిందని పసిపిల్లల దగ్గర నీలగిరి తైలం పెట్టడం మన పెద్దల అలవాటే అయినా, చిన్నపిల్లల ముఖం దగ్గర అది ఊపిరికి అడ్డు తెస్తుంది. పిల్లి, పెంపుడు చిలుక ఉన్న గదిలో టీ ట్రీ వంటి తైలాలు వద్దు.

కరెంటు పోయి వచ్చాక పనిచేయడం లేదు

చాలా యంత్రాలు కరెంటు తిరిగి రాగానే వాటంతటవే మొదలుకావు, బటన్ నొక్కాలి. నొక్కినా కదలకపోతే అడాప్టర్ చూడాలి. పెద్ద డిఫ్యూజర్లలో ఎక్కువ 24 వోల్టులవి, చిన్నవి 5 వోల్టుల యూఎస్‌బీవి. పిన్ను సరిపోయింది కదా అని వైఫై రూటర్ అడాప్టర్ తగిలిస్తే అది సాధారణంగా 12 వోల్టులే ఇస్తుంది. లైటు వెలిగి తుంపర మాత్రం రాదు. దీనికి తిరగేసిన పని, అంటే 24 వోల్టుల అడాప్టర్‌ను రూటర్‌కు పెట్టడం, రూటర్‌ను కాల్చేస్తుంది. కొత్త అడాప్టర్ కొనేటప్పుడు దాని వోల్టులు యంత్రం అడుగున రాసినన్నే ఉండాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు.

అడాప్టర్ మంచిదై, ఫ్యాను తిరుగుతూ, బిళ్ళ అద్దంలా శుభ్రంగా ఉన్నా తుంపర రాకపోతే ఆ బిళ్ళ అరిగిపోయింది. కొన్ని వేల గంటలు నడిచాక ఇది సహజం. టీవీ, మిక్సీ బాగుచేసే మెకానిక్ దగ్గర టంకం పెట్టి కొత్తది వేయించుకోవచ్చు; పాత బిళ్ళ వ్యాసం, కంపన వేగం ఎంతో చూసి సరిగ్గా అదే తెప్పించాలి. బిళ్ళతో పాటు చుట్టూ ఉండే రబ్బరు వలయం కూడా మార్పించండి. పాత వలయంతో బిగిస్తే అక్కడి నుంచే నీరు సర్క్యూట్‌లోకి కారుతుంది.