పేరెంట్స్ మీటింగులో ఏం అడగాలి? ఒక లెక్కల టీచరమ్మ మాట

విశాఖ వన్‌టౌన్ వైపు ఒక బాలికోన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాను. పేరెంట్స్ మీటింగుకి వచ్చే తల్లులు గుమ్మంలోంచే అడుగుతారు: "మా గుంట ఎలా చదువుతోంది మేడంగారూ?" దానికి ఏ టీచరైనా "పర్వాలేదమ్మా, ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి" అనే చెప్తారు. నేనూ అంతే, వెనక ఇంకా బోలెడు మంది నిలబడి ఉంటారు మరి. ఈసారి వచ్చినప్పుడు "మా పిల్ల ఎక్కడ ఆగిపోయింది?" అని అడిగి చూడండి. టీచరు మార్కుల రిజిస్టరు మూసి జవాబు పత్రాల కట్ట విప్పాల్సిందే.

ఆ పత్రాలు మీరూ చేతిలోకి తీసుకోండి. మార్కు సంగతి తర్వాత. చదువు రాని తల్లికైనా కొన్ని కనిపిస్తాయి. ఖాళీగా వదిలేసిన లెక్క, మొదలుపెట్టి సగంలో కొట్టేసిన లెక్క, చివరిదాకా చేసి ఎర్ర ఇంకు పడ్డ లెక్క: మూడూ మూడు రకాల జబ్బులు. ఖాళీ వదిలిందంటే ఆ పాఠం జరిగిన రోజుల్లో పిల్ల బడికి రాలేదేమో చూసుకోవాలి. నెలసరి రోజుల్లో ఇంట్లో ఉండిపోయే పిల్లలు మా బడిలో ఇప్పటికీ ఉన్నారు. బాలికా రక్ష పథకం (ఇదివరకు స్వేచ్ఛ అనేవారు) కింద న్యాప్‌కిన్లు బడిలోనే ఇస్తున్నారు కాబట్టి పంపండి. రాలేకపోతే ఆ సాయంత్రమే పక్కింటి పిల్ల నోట్సు తెప్పించండి. చివరిదాకా చేసి తప్పిన పిల్లంటే మాత్రం నాకు సంతోషం. ఆమెని దారిలో పెట్టడం తేలిక.

పదో తరగతిలో "వర్గ సమీకరణాలు రావు" అని వచ్చే పిల్లల్లో చాలామందికి అసలు వర్గ సమీకరణాలతో పేచీయే లేదు. −3−4 ఎంతంటే 7 అని రాస్తారు. రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ అని గుణకారంలో నేర్చుకున్నది ఇక్కడికి మోసుకొస్తారు. ఇది కింది తరగతి పాఠం. పదో తరగతి స్పెషల్ క్లాసులో ఎన్నాళ్లు కూర్చోబెట్టినా సరికాదు, అక్కడ ఆ పాఠం ఎవరూ ఎత్తరు కదా. అందుకే "ఏ తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టాలి?" అని అడిగి ఆ పుస్తకం ఇప్పించుకోండి. పదో తరగతి పిల్లకి ఏడో తరగతి పుస్తకం పట్టుకోవడం నామోషీగా ఉంటుంది. నేనైతే అట్ట వేసి ఇస్తాను. రోజుకి ఐదు లెక్కలు, నోటు పుస్తకం వెనక పేజీల్లో.

ఇంట్లో మీరు చేయగలిగేది కూడా ఉంది. 75 మీటర్ల లైట్‌హౌస్ పైనుంచి రెండు ఓడలు 30°, 45° నిమ్న కోణాల్లో కనిపిస్తే వాటి మధ్య దూరమెంత అని పదో తరగతి పుస్తకంలో ఒక లెక్క ఉంది. హార్బర్ వైపు నుంచి వచ్చే పిల్లలు కూడా బొమ్మలో కోణాన్ని లైట్‌హౌస్ గోడ పక్కన వేసేస్తారు. నేను చెప్పేదిది: డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నిలబడ్డావనుకో. ముందు తిన్నగా, ఆకాశం నీళ్లని తాకే గీత వైపు చూడు. ఇప్పుడు బోటు కనిపించాలంటే చూపు ఎంత దించాలి? ఆ దించిందే నిమ్న కోణం. దగ్గరి బోటుకి ఎక్కువ దించాలి, అది 45°. దూరపు బోటుకి 30° చాలు. మొదటిది 75 మీటర్ల దూరంలో, రెండోది సుమారు 130 మీటర్ల దూరంలో ఉంటాయి. తేడా 55 మీటర్లు. మీరు పిల్లని డాబా ఎక్కించి వీధిలో ఆగిన ఆటోలు చూపిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

ఇంగ్లీషు మీడియం భయానికి మందు పుస్తకంలోనే ఉంది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ముందు తెలుగు చదివి, తర్వాత ఇంగ్లీషు పైకి చదవమనండి.

సాయంత్రం స్పెషల్ క్లాసులంటే తల్లులకి చీకటి భయం, న్యాయమే. అలాగని మాన్పించేయకండి. ఒకే వీధి పిల్లల్ని జట్టుగా పంపుతామనీ, ఫలానా టైముకి వదలమనీ నలుగురు తల్లులు కలిసి హెచ్‌ఎం గారిని అడగండి. ఒక్కరే వెళ్తే "చూద్దామమ్మా" అంటారు, నలుగురు వెళ్తే అప్పటికప్పుడే తేలుతుంది.

నోటితో అన్నీ చెప్పి, రాయమంటే అక్షరాలు తారుమారు చేసే పిల్లని బద్ధకస్తురాలని కొట్టకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం కూడా ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం టీచరుకి చూపించండి, వార్డు సచివాలయంలో సదరం స్లాటు, అంటే వైకల్య సర్టిఫికెట్ కోసం డాక్టర్లు చూసే రోజు, అడగండి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి కావాలంటే సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. పదో తరగతి చలికాలంలో మొదలుపెడితే ఆలస్యమే, ఎనిమిదిలోనే కదలండి.

ఎనిమిదంటే గుర్తొచ్చింది, ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష. ప్రభుత్వ బడి పిల్లలకి, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకపోతే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. రాయించండి.

పదో తరగతి లెక్కల పేపరు వంద మార్కులకి, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. పాసుకి 35 కావాలి, హిందీలో 20 చాలు. వెనకబడిన పిల్ల ఎనిమిది మార్కుల లెక్కలన్నీ నేర్వక్కర్లేదు. వాటిలో ఛాయిస్ ఉంటుంది కాబట్టి గ్రాఫు ఒకటి గట్టిగా నేర్చుకుని, ఒకటి, రెండు మార్కుల ప్రశ్నల మీద పడమంటాను. ప్రశ్నపత్రం చదువుకోడానికి మొదట 15 నిమిషాలిస్తారు. ఆ టైములో ఏ లెక్క ముందు చేయాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడం ప్రీఫైనల్‌లోనే అలవాటు చేయిస్తాం. ఆ రోజుల్లో పెళ్లిళ్లకీ, గైరమ్మ సంబరాలకీ సెలవు అడగొద్దు.

తప్పితే సప్లిమెంటరీ ఆ వేసవిలోనే ఉంటుంది, ఏడాది పోదు. ఫీజు గడువు మాత్రం ఫలితాలొచ్చాక కొద్ది రోజులే. చుట్టాలకి మొహం చూపించలేక పిల్లని అమ్మమ్మగారింటికి పంపేసి, గడువు దాటాక బడికొచ్చే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫలితాలొచ్చిన మర్నాడే పిల్లని వెంటబెట్టుకుని రండి. సెలవులైనా ఆఫీసు తెరిచే ఉంటుంది.