అమెరికా వస్తున్న అమ్మానాన్నల స్టాంప్, ఐ-94: దిగిన రోజే చూసుకోవాల్సినవి

సమ్మర్ దగ్గరపడుతోంది, అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది అమ్మానాన్నల్ని పిలిపించుకుంటారు, టికెట్లు ఇన్సూరెన్సు పచ్చళ్లు అన్నీ ముందునుంచే మాట్లాడుకుంటారు గానీ ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ వేసే తేదీ గురించి మాత్రం పెద్దవాళ్లకి ఎవరూ చెప్పరు. దయచేసి చెప్పండి.

వీసా 10 ఏళ్లది అయినా సరే, ఈ ట్రిప్‌లో ఎన్నాళ్లు ఉండొచ్చో తేల్చేది ఐ-94 రికార్డు, అంటే ఎప్పుడు దిగారు, ఎప్పటిదాకా ఉండొచ్చు అని ఆఫీసర్ నమోదు చేసేది. టూరిస్టుగా వస్తే మామూలుగా 6 నెలలు ఇస్తారు. విమానంలో వచ్చేవాళ్లకి 2013 నుంచి ఇది ఆన్‌లైన్‌లోనే ఉంటోంది, చేతికి కాగితం ఇవ్వరు. ఇప్పుడు కొన్నిచోట్ల స్టాంప్ కూడా వేయట్లేదు, స్టాంప్ లేదని కంగారు పడకండి, ఐ-94 సరిగ్గా ఉంటే చాలు.

ఇండియాలో ఉండగానే ఒక పని ఉంది. వీసా పడి పాస్‌పోర్ట్ చేతికి రాగానే పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్ట్ నంబర్ అక్షరం అక్షరం పోల్చి చూడండి, తప్పుంటే వీసా ఇచ్చిన కాన్సులేట్‌కి అప్పుడే రాయాలి. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ కాలమో గివెన్ నేమ్ కాలమో ఖాళీగా ఉన్నవాళ్లకి వీసాలో మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (FNU, ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అది తప్పు కాదు, కాకపోతే తర్వాత ఐ-94 వెతికేటప్పుడు కూడా అలాగే కొట్టి చూడాలి.

దిగాక ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరికి ఇద్దర్నీ కలిసే వెళ్లమనండి. ఇంగ్లీష్ అర్థంకాకపోతే తల ఊపొద్దు, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగమనండి, అందులో తప్పేం లేదు. స్టాంప్ వేస్తే అక్కడే నిలబడి రెండు పాస్‌పోర్టులూ తెరిచి బీ2 (టూరిస్టు వీసా క్లాస్) అని రాశారా, తేదీ ఎంత ఇచ్చారు అని చూసుకోవాలి, తేడా ఉంటే ఆ ఆఫీసర్‌నే మర్యాదగా అడగాలి, అక్కడైతే నిమిషాల్లో అయిపోయే పని. అబుదాబి మీదుగా వచ్చేవాళ్లకి అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, కాబట్టి వాళ్లు చూసుకోవాల్సింది అక్కడే. ఇంకోటి, అమెరికాలో తేదీ రాసేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు, 05/09 అంటే మే 9, మనం సెప్టెంబర్ 5 అనుకుంటే కొంప మునుగుతుంది.

ఇంటికొచ్చాక, అదే రోజు కాకపోతే మర్నాడు, సీబీపీ (ఎయిర్‌పోర్ట్‌లో ఇమిగ్రేషన్ తనిఖీ చేసే అమెరికా ప్రభుత్వ శాఖ) వాళ్ల ఐ-94 సైట్‌లో ఇద్దరివీ విడివిడిగా తీసి పీడీఎఫ్ దాచుకోండి. ఇది ఫ్రీ, డబ్బులడిగే సైట్లు వేరే ఉంటాయి, చివర డాట్ గవ్ ఉందో లేదో చూడండి. నాన్నది చూసి అమ్మది కూడా అంతే అనుకునేవాళ్లే ఎక్కువ, నాకు భయం వేసేది కూడా ఇక్కడే, ఎందుకంటే ఒకే ఫ్లైట్‌లో వచ్చినా ఇద్దరికీ వేరే తేదీలు పడొచ్చు. ఆ తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా ఆ వీసా రద్దయినట్టే, మళ్లీ కొత్తగా అప్లై చేసుకోవాలి. 180 రోజులు దాటి ఉండిపోయి వెళ్తే 3 ఏళ్లు, ఏడాది లేదా ఆపైన అయితే 10 ఏళ్లు రానివ్వరు.

పేరు, పాస్‌పోర్ట్ నంబర్, వీసా క్లాస్, తేదీ ఏది తప్పు పడినా ఇలాంటి తప్పులు సరిచేసే, దగ్గర్లో ఉన్న సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుని కాంటాక్ట్ చేయండి, లిస్టు వాళ్ల సైట్‌లోనే ఉంటుంది. వాళ్ల తప్పయితే ఫీజు ఉండదు. పాస్‌పోర్ట్, వీసా పేజీ, ఐ-94 ప్రింట్, బోర్డింగ్ పాస్ దగ్గర పెట్టుకోండి. స్టాంప్‌లో ఒక తేదీ ఐ-94లో ఇంకో తేదీ ఉంటే, సరిచేసేదాకా రెండిట్లో ముందొచ్చేదే లెక్క అనుకోండి, తిరుగు టికెట్ కూడా దాన్ని బట్టే. అయితే ఆఫీసర్ కావాలనే తక్కువ రోజులు ఇస్తే అది తప్పు కింద రాదు, ఎక్కువ ఉండాలంటే ఐ-539 ఫారంతో ఎక్స్‌టెన్షన్ అడగాలి, గడువుకి కనీసం 45 రోజుల ముందు వేయమని ఈ అప్లికేషన్లు చూసే ప్రభుత్వ శాఖ యూఎస్‌సీఐఎస్ చెప్తుంది. దానికి ఫీజు ఉంటుంది, ఇస్తారన్న గ్యారంటీ కూడా లేదు.

తిరిగి వెళ్లేటప్పుడు ఎగ్జిట్ స్టాంప్ ఏమీ వేయరు, వెళ్లినట్టు ఎయిర్‌లైన్ ద్వారానే రికార్డ్ అవుతుంది. అందుకని బోర్డింగ్ పాస్ పారేయకుండా, ఇండియాలో వేసిన అరైవల్ స్టాంప్‌తో కలిపి ఫొటో తీసి పంపమనండి, కొన్నాళ్లాగి ఐ-94 సైట్‌లోనే ట్రావెల్ హిస్టరీలో డిపార్చర్ పడిందో లేదో మీరు చూడండి.