కొబ్బరి నీడలో రంగుల ఆకులు

పూలమొక్క పూసినన్నాళ్లే అందం. రంగుల ఆకుల మొక్క ఏడాదంతా పెరటిని కళకళలాడిస్తుందండి. అయితే కడియం నర్సరీలకి వెళ్లి కంటికి నచ్చినవన్నీ ఆటోలో వేసుకొచ్చే ముందు, మీ పెరట్లో ఎండ ఎక్కడ ఎంతసేపు పడుతుందో చూసుకోండి. రంగు నిలవడం దాని మీదే ఉంది.

క్రోటన్‌కి రోజూ నాలుగైదు గంటలు మంచి వెలుతురు తగిలితేనే ఎరుపు, నారింజ తేలతాయి. చీకటి మూలన పెడితే కొత్తాకులు పచ్చగానే వస్తాయి. మా కోనసీమ వైపు కొబ్బరితోట మరీ చిక్కగా లేకపోతే, మట్టల సందుల్లోంచి దిగే ఎండ చాలు. కొనేటప్పుడు చిగురు చూసి తీసుకోకండి. చాలా రకాల్లో లేతాకు ఆకుపచ్చగానో పసుపుగానో ఉంటుంది, ముదిరేకొద్దీ ఈనెల వెంట ఎరుపు పాకుతుంది. అసలు రంగు కింది ఆకుల్లో కనిపిస్తుంది.

నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగినదాన్ని తెచ్చినరోజే ఎండలో నాటితే ఆకులు మాడతాయి. వారం పది రోజులు అరుగు మీద ఉంచి కొంచెం కొంచెంగా ఎండలోకి జరపండి. చోటు మారితే క్రోటన్ నాలుగు ఆకులు రాల్చడం మామూలే. టెన్షన్ పడి నీళ్లు ఎక్కువ పోయొద్దు.

మన డెల్టాలో ఎండకన్నా నీటితోనే ఇబ్బంది. ఒండ్రు బంకమన్నులో వానాకాలం నీరు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. అందుకే జానెడు ఎత్తున మట్టి పోసి, మాగిన పశువుల ఎరువు, బాగా చివికిన కొబ్బరిపొట్టు కలిపి దానిమీద నాటండి. పచ్చిపొట్టు మాత్రం వాడకండి.

ఎండ రాని వరండాకి అగ్లోనిమా. పొద్దుటి ఎండ మాత్రమే పడే తూర్పుగోడ దగ్గర కోలియస్ పెట్టండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. బెత్తెడు కొమ్మ తుంచి, కింది ఆకులు తీసేసి గ్లాసు నీళ్లలో ఉంచితే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. పూలకంకి కనబడగానే గిల్లేయండి. వదిలేస్తే మొక్క సాగిపోయి ఆకు చిన్నదవుతుంది.

రకానికొకటి చొప్పున కలిపి పెడితే పెరడు సంతలా ఉంటుంది. ఒకే రకం మూడు నాలుగు మొక్కలు గుంపుగా నాటి, వెనక ముదురాకుపచ్చ మొక్క ఏదైనా ఉంచితే ఎరుపు బాగా ఎత్తి కనబడుతుంది. ముందువరసలో మా అత్తగారు ఎర్రతోటకూర చల్లుతారు. చూడ్డానికీ బాగుంటుంది, కూరకీ వస్తుంది.

తెల్ల, పసుపు మచ్చల ఆకుల మొక్కలో పూర్తి పచ్చటి కొమ్మ వస్తే మొదట్లోనే కోసేయండి. అది జోరుగా పెరిగి మిగతావాటిని అణిచేస్తుంది. క్రోటన్ కత్తిరించాక చేతులు కడుక్కోండి, ఆ రసం కొందరికి పడదు. కాలాడియం చేమ జాతిదే, నమిలితే నోరంతా మంట, కాబట్టి పిల్లలకి అందకుండా పెట్టండి. ఆకు అడుగున తెల్లగా పిండినల్లి పురుగు కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రంపూట కొట్టండి.