పొగాకు బేళ్ల లెక్క ఫర్-ఈచ్‌తో తీయడం ఎలా

టంగుటూరులో వేలం సాగినన్నాళ్లూ నా పని ఒకటే: బేళ్ల వివరాలను ట్యాగుల (పేర్లున్న గుర్తుల) మధ్య రాసిపెట్టిన ఎక్స్ఎంఎల్ ఫైలును ఎక్స్ఎస్ఎల్‌టీతో (ఎక్స్ఎంఎల్‌ను వేరే రూపంలోకి మార్చే భాషతో) రైతులు చదువుకోగలిగే పట్టికగా మార్చడం. ఎక్స్ఎంఎల్‌లో ట్యాగుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. నేను అలాగే పెడతాను: వేలం లోపల రైతు, రైతు లోపల బేలు, బేలు లోపల గ్రేడ్, బరువు, ధర. కీవర్డ్‌లు (ఫర్-ఈచ్ లాంటి ఎక్స్ఎస్ఎల్‌టీ సొంత మాటలు) మాత్రం ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నా గానీ, ఫైల్లో ఇంగ్లీషులోనే కొట్టాలి.

ఫర్-ఈచ్ అంటే దొరికిన ప్రతిదానికీ అదే పని మళ్లీ చేసే లూప్, ఏవి కావాలో సెలెక్ట్‌లో రాస్తాం. బయటి ఫర్-ఈచ్‌కి సెలెక్ట్ "/వేలం/రైతు". దాని లోపల ఇంకో ఫర్-ఈచ్, సెలెక్ట్ "బేలు". ముందు స్లాష్ పెట్టొద్దు. లూప్‌లోకి వెళ్లాక మీరు ఆ రైతు దగ్గరే నిలబడి అడుగుతున్నట్టు లెక్క. అక్కడ "//బేలు" (రెండు స్లాష్‌లంటే ఫైలంతా వెతకమని) అని రాశారా, ప్రతి రైతు పేరు కిందా యార్డులోని బేళ్లన్నీ వచ్చి పడతాయి. విలువను చూపించే వాల్యూ-ఆఫ్‌లో "//ధర" రాస్తే ఇంకా చిత్రం: ఎక్స్ఎస్ఎల్‌టీ 1.0 వెర్షన్ అన్ని వరుసల్లోనూ మొదటి బేలు ధరే చూపిస్తుంది, 2.0 అయితే ఫైల్లో ఉన్న ధరలన్నీ ఒకే గడిలో కుక్కేస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు సగం టెన్షన్ ఈ రెండు గీతలతోనే.

నోబిడ్ (ఎవరూ ధర చెప్పని) బేళ్లు కావాలంటే "బేలు[నాట్(ధర)]", అంటే ధర ట్యాగ్ లేని బేలు. కానీ ఖాళీ ధర ట్యాగ్ ఉన్నా ధర ఉన్నట్టే లెక్క. అందుకే నేను "బేలు[నాట్(నంబర్(ధర) > 0)]" అని రాస్తాను, ఖాళీవి కూడా దొరికిపోతాయి. ధర 200 లోపు బేళ్లు కావాలంటే '<' గుర్తు నేరుగా కొట్టకూడదు, '&' పెట్టి ఎల్, టీ, సెమికోలన్.

"//బేలు[1]" అంటే మొదటి బేలు ఒక్కటే రాదు, ప్రతి రైతు మొదటి బేలూ వస్తుంది. ఫైలు మొత్తంలో మొదటిదే కావాలంటే "(//బేలు)[1]".

ధరల వారీగా పేర్చాలంటే సార్ట్‌ను ఫర్-ఈచ్ తెరవగానే పెట్టాలి, డేటా-టైప్ నంబర్ అని చెప్పాలి. చెప్పకపోతే అక్షరాల వరుస చూసి 95ని 280 కంటే పెద్దది చేస్తుంది. వరుస నంబరు పొజిషన్() ఇస్తుంది, అదీ పేర్చాక వచ్చిన వరుసలోనే.

మొత్తం బరువు కోసం వేరియబుల్‌లో కూడుతూ పోదామంటే కుదరదు, ఒకసారి పెట్టిన విలువ మారదు. రైతు లూప్‌లో "సమ్(బేలు/బరువు)" చాలు.