దసరా షిఫ్ట్‌లో సొలారిస్ సర్వర్ మీ చేతికి వస్తోందా? కీబోర్డు ముట్టుకునే ముందు...

దసరా దగ్గరపడింది. సీనియర్లంతా ఊళ్లకు బయల్దేరతారు, ఆన్‌కాల్ ఫోన్ కొత్తవాళ్ల చేతికి వస్తుంది. ఏటా ఉండేదే. అయినా ఈసారి రాయక తప్పట్లేదు. మొన్న గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసులో జరిగింది విన్నప్పటి నుంచి, మన పిల్లల్లో ఇంకెంతమంది అదే పని చేస్తారోనని టెన్షన్‌గా ఉంది.

లినక్స్‌లో బాగా చెయ్యి తిరిగిన కుర్రాడు. సొలారిస్ 10 (సన్ కంపెనీ తెచ్చిన యూనిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే పాత సర్వర్‌ను రాత్రిపూట చూసుకోమని అప్పగించారు. ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఇరుక్కుపోయింది. లినక్స్‌లో పేరు చెబితే ఆ ప్రాసెస్‌ను ఆపే కిల్‌ఆల్ కమాండ్ వాడదామనుకున్నాడు. ఆప్షన్లు ఏమున్నాయో చూద్దామని రూట్ (అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్) లాగిన్‌లో ఉత్త కిల్‌ఆల్ అని కొట్టి ఎంటర్ నొక్కాడు. లినక్స్‌లో అలా కొడితే ఎలా వాడాలో చెప్పే నాలుగు లైన్లు వస్తాయి, అంతే. సొలారిస్‌లో ఆ కమాండ్ ఉన్నదే షట్‌డౌన్ సమయంలో నడుస్తున్న ప్రాసెస్‌లన్నిటినీ ఆపడానికి. పేరు అడగదు, నిజంగానా అని అడగదు. డేటాబేస్ పోయింది, అప్లికేషన్ పోయింది, చివరికి అతని సెషన్ కూడా తెగిపోయింది. ఏం జరిగిందో చూసుకోవడానికి కూడా లోపలికి వెళ్లే దారి లేదు.

అతనికి తెలివి తక్కువై కాదు. లినక్స్ అలవాటు అలాంటిది. తెలియని కమాండ్ ఎదురైతే ఉత్తగా కొట్టి చూస్తాం, లేదా చివర హెల్ప్ అని తగిలిస్తాం, అదే చెబుతుంది. పాత యూనిక్స్‌లు మనకు నేర్పడానికి కూర్చోలేదు. కొడితే చేస్తాయి. నేను చూసినంతలో ఈ పాత సిస్టమ్‌ల మీద ఉద్యోగాలకు ఎసరు తెచ్చినది ఈ ఒక్క మాటే: "కొట్టి చూద్దాం."

విచిత్రం ఏమిటంటే, లినక్స్‌లోని కిల్‌ఆల్ మ్యాన్ పేజీలోనే, అంటే ఆ కమాండ్ ఎలా వాడాలో చెప్పే పేజీలోనే, ఈ హెచ్చరిక ఉంది. లినక్స్ కాని సిస్టమ్‌లలో, ముఖ్యంగా రూట్‌గా దీన్ని కొడితే మీరనుకున్నది జరగకపోవచ్చని. చదివేవాళ్లేరీ?

ఇంకో రెండు చెబుతాను. రూట్‌గా హోస్ట్‌నేమ్ అని కొట్టి, మెషీన్ పూర్తి పేరు కోసం మైనస్ ఎఫ్ తగిలిస్తారు. లినక్స్‌లో డొమైన్‌తో సహా పేరు వస్తుంది. సొలారిస్ 10లో ఆ మైనస్ ఎఫ్‌నే మెషీన్ పేరుగా పెట్టేస్తుంది. స్క్రీన్ మీద ఏమీ కనిపించదు కాబట్టి ఏమీ కాలేదనుకుని ముందుకు పోతారు. రెండోది క్రాన్‌ట్యాబ్, వేళకు వాటంతటవే నడవాల్సిన జాబ్‌ల పట్టిక. జాబ్‌లు ఏమున్నాయో చూద్దామని ఉత్తగా కొడతారు. కర్సర్ కింది లైనుకి వచ్చి ఆగిపోతుంది. హ్యాంగ్ అయిందనుకుని కంట్రోల్-డి నొక్కుతారు. నిజానికి అది హ్యాంగ్ కాలేదు, కొత్త క్రాన్‌ట్యాబ్‌ను మీరు టైప్ చేస్తారని ఎదురుచూస్తోంది. కంట్రోల్-డి నొక్కగానే ఖాళీ ఫైల్ ఇచ్చారని తీసుకుని పాత జాబ్‌లన్నీ తుడిచేస్తుంది. ఆ రాత్రి బ్యాకప్ నడవదు, ఆ సంగతి పొద్దున గానీ తెలియదు. అలా ఇరుక్కుంటే కంట్రోల్-సి నొక్కి బయటికి రావాలి. చూడటానికైతే మైనస్ ఎల్ పెట్టాలి.

మూడింట్లోనూ తప్పు ఒకటే. చదివి కొట్టాల్సింది, కొట్టి చదువుదామనుకున్నారు.

ముందు మెషీన్ ఏదో తెలుసుకోండి

పుస్తకం వెతికే ముందు ఇది తేలాలి. లేకపోతే దొరికిన ప్రతిదీ పనికొచ్చేలాగే కనిపిస్తుంది. యూనేమ్ మైనస్ ఏ కొడితే సన్‌ఓఎస్ 5.10 అని వస్తుంది. అదే సొలారిస్ 10. అలాగే 5.8 అంటే సొలారిస్ 8. సన్‌ఓఎస్ అనే పేరుతో వెతికితే సన్‌ఓఎస్ 4 నాటి కాగితాలు కూడా తగులుతాయి. అది బీఎస్‌డీ అనే యూనిక్స్ నుంచి వచ్చిన వేరే వంశం, దాని జోలికి పోవద్దు. ఈటీసీ డైరెక్టరీలో రిలీజ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో ఏ అప్‌డేటో కూడా రాసి ఉంటుంది. యూనేమ్ మైనస్ పి కొడితే ప్రాసెసర్ స్పార్కో (సన్ సొంత రకం) ఇంటెల్ రకమో తెలుస్తుంది. సొలారిస్ 10లో ఒకే మెషీన్‌ను జోన్లనే విడి గదులుగా పంచుకోవచ్చు, మీరు ఏ జోన్‌లో ఉన్నారో తెలియడానికి జోన్‌నేమ్ కొట్టండి. గ్లోబల్ అని వస్తే మీరు ఇంటి యజమాని గదిలో నిలబడ్డారని అర్థం. అక్కడ రీబూట్ చేస్తే లోపల నడిచే జోన్లన్నీ దానితోపాటే పడిపోతాయి. ఇవన్నీ చూసి చెప్పే కమాండ్‌లే, దేన్నీ మార్చవు.

ఈ నాలుగు సంగతులూ ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకోండి. చదివే ప్రతి పేజీనీ దానితో పోల్చండి.

ఎక్కడ చదవాలి

మొదటి పుస్తకం ఆ మెషీన్‌లోనే ఉంది, మ్యాన్ పేజీలు. ఇక్కడ లినక్స్ వాళ్లు తికమక పడేది సెక్షన్ నంబర్ల దగ్గర. లినక్స్‌లో అడ్మిన్ కమాండ్‌లు 8లో ఉంటాయి, సొలారిస్ 10లో 1ఎమ్‌లో. ఫైల్ ఫార్మాట్‌లు అక్కడ 5, ఇక్కడ 4. కాబట్టి మ్యాన్ మైనస్ ఎస్ 1ఎమ్ అని, తర్వాత కమాండ్ పేరు ఇవ్వాలి. పేజీ పైనుంచి కిందికి అంతా చదవక్కర్లేదు. మొదటి పేరా, ఉదాహరణలు, చివర్న సీ ఆల్సో అనే వరస చూడండి. ఆ వరసలోని పేర్లను పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోతుంటే వారం తిరిగేసరికి సిస్టమ్ మొత్తం ఎలా అల్లుకుని ఉందో పట్టుబడుతుంది. ఏ కోచింగూ ఇంత బాగా నేర్పదు.

రెండోది ఎస్‌వీసీఎస్ మైనస్ ఎక్స్. ఏ సర్వీస్ ఎందుకు ఆగిందో, లాగ్ ఫైల్ ఎక్కడుందో, ఏ మ్యాన్ పేజీ చదవాలో అదే చెబుతుంది. అది చూపించే సన్ వెబ్ లింకులను మాత్రం నమ్ముకోవద్దు. 2010లో ఒరాకిల్ సన్‌ను కొన్న తర్వాత పాత డాక్యుమెంట్ సైట్ ఒరాకిల్ సైట్‌లో కలిసిపోయింది. సొలారిస్ 10 అడ్మినిస్ట్రేషన్ గైడ్‌లు అక్కడ ఉచితంగానే చదువుకోవచ్చు. సర్వర్‌లో మ్యాన్ పేజీలు ఇన్‌స్టాల్ చేసి లేకపోతే అవి కూడా అక్కడ దొరుకుతాయి. పైన 11 అని ఉందా 10 అని ఉందా చూసుకోండి. 2011లో వచ్చిన 11లో ప్యాకేజీల (సాఫ్ట్‌వేర్ ఎక్కించే) పద్ధతే మారిపోయింది. 10లో పీకేజీయాడ్, ప్యాచ్‌యాడ్. 11లో పీకేజీ.

ఇక అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ జిరాక్స్ షాపుల్లో దొరకని నోట్స్ ఉండవు, ధర కూడా ఎక్కువేం కాదు. వద్దనను. కానీ అట్ట మీద వెర్షన్ ఉండదు. సగం పేజీలు సొలారిస్ 8 నాటివి, సగం 10వి, మధ్యలో ఎవరో లినక్స్ పేజీలు కూడా కుట్టేసి ఉంటారు. కొనే ముందు ఒక్క పరీక్ష పెట్టండి. సర్వీసులను నడిపే, ఆపే ఎస్‌వీసీఏడీఎమ్ కమాండ్ గురించి చాప్టర్ ఉందా? లేకపోతే అది 2005కు ముందుది, అంటే సొలారిస్ 10 రాకముందుది. ఆ నోట్స్ చూసి సర్వీస్‌ను చేత్తో ఆపితే, చంపిన ప్రాసెస్ మరుక్షణమే మళ్లీ లేచి కూర్చుంటుంది. 10లో సర్వీసులకు కాపలా ఉంటుందని ఆ నోట్స్ రాసినవాడికి తెలియదు మరి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత యూనిక్స్ పుస్తకం కనిపిస్తే మాత్రం తెచ్చుకోండి. డిస్క్ స్లైస్‌లు (డిస్క్‌లో భాగాలు), పర్మిషన్లు, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) లాంటి పునాది విషయాలు పెద్దగా మారలేదు.

ఏఐ చాట్‌ను అడిగేవాళ్లకు ఒక మాట. అది లినక్స్ జవాబుకు సొలారిస్ పేరు తగిలించి ఇవ్వొచ్చు. గ్రెప్‌కు మైనస్ ఆర్, సెడ్‌కు మైనస్ ఐ, టార్‌కు జెడ్ పెట్టమని చెప్పిందంటే అది సొలారిస్ 10తో వచ్చే మామూలు కమాండ్‌ల గురించి మాట్లాడట్లేదని గుర్తుపట్టండి. అవి ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటాయి, ప్రమాదం లేదు. ఎర్రర్ ఇవ్వనివే ప్రమాదం.

ఎక్కడ కొట్టాలి

మీ ల్యాప్‌టాప్‌లో. వర్చువల్‌బాక్స్ (ల్యాప్‌టాప్ లోపలే ఇంకో మెషీన్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, సొలారిస్ 10 ఇంటెల్ వెర్షన్‌ను ఒరాకిల్ అకౌంట్‌తో తెచ్చుకోండి, లైసెన్స్ షరతులు చదివి ఒప్పుకోండి. 10లో చివరి విడుదల 2013 జనవరిది. 2 జీబీ మెమరీ కేటాయిస్తే నడుస్తుంది. ల్యాప్‌టాప్‌కే మెమరీ తక్కువైతే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి ఒక స్టిక్ వేయించుకోండి, ఉద్యోగం కంటే చవక. ఓపెన్‌ఇండియానా కూడా ఆ కుటుంబంలోదే, పూర్తిగా ఉచితం. రుచి చూడటానికి బాగుంటుంది, కానీ ప్యాకేజీల పద్ధతి 11ను పోలి ఉంటుంది కాబట్టి 10కి అదే చాలనుకోవద్దు.

ఇన్‌స్టాల్ అవ్వగానే, పాడైతే మళ్లీ వెనక్కి రావడానికి స్నాప్‌షాట్ తీయండి. తర్వాత రూట్‌గా ఉత్త కిల్‌ఆల్ కొట్టండి. హోస్ట్‌నేమ్ మైనస్ ఎఫ్ కొట్టండి. క్రాన్‌ట్యాబ్ కొట్టి కంట్రోల్-డి నొక్కండి. కళ్లారా చూడండి. కొట్టి చూడాలన్న సరదా ఇక్కడే తీర్చుకోండి. స్పార్క్ మెషీన్‌లో బూట్‌కు ముందు వచ్చే ఓకే ప్రాంప్ట్ మాత్రం ఇందులో రాదు, దాన్ని చదువుకోవాల్సిందే.

ఇక మిగతావి, వరసపెట్టి

ప్రొడక్షన్‌లో మ్యాన్ పేజీ చదవని కమాండ్‌ను ఉత్తగా కొట్టొద్దు. ఏ కమాండ్ అయినా సరే.

హెల్ప్ అని తగిలించొద్దు. ఆ పదాన్నే ఆర్గ్యుమెంట్‌గా తీసుకుని పని మొదలుపెట్టే కమాండ్‌లు ఉన్నాయి.

రూట్‌గా కూర్చుని చదవొద్దు. చదవడానికి మామూలు యూజర్ చాలు. కిల్‌ఆల్ కొట్టిన కుర్రాడు మామూలు యూజర్‌గా ఉండి ఉంటే ఆ కమాండ్ డేటాబేస్ జోలికి పోయేది కాదు.

ఒక్క ప్రాసెస్‌ను ఆపాలంటే పీగ్రెప్‌తో నంబర్ చూసి, ఆ నంబర్‌కే కిల్ ఇవ్వండి.

రీబూట్ అనే కమాండ్ వాడొద్దు. అది అప్లికేషన్లను మర్యాదగా ఆపే స్క్రిప్టులను నడపదు. మైనస్ ఐ 6 పెట్టిన షట్‌డౌన్ లేదా ఇనిట్ 6 వాడండి, అదీ అనుమతి తీసుకున్నాకే.

క్రాన్‌ట్యాబ్ మైనస్ ఈ కొట్టే ముందు ఎడిటర్ సెట్ చేయండి. లేకపోతే ఈడీ అనే పాత ఎడిటర్ తెరుచుకుని స్క్రీన్ మీద ఒక్క అంకె మాత్రమే చూపిస్తుంది. కంగారుపడి ఏదో ఒకటి టైప్ చేయొద్దు. క్యూ కొట్టి బయటికి రండి. అసలు ఎడిట్ చేసే ముందే మైనస్ ఎల్‌తో పాతది ఒక ఫైల్‌లోకి తీసుకోండి.

డిస్క్‌లో స్లైస్ 2 ఖాళీగా కనిపించినా ముట్టుకోవద్దు. అది డిస్క్ మొత్తానికి పెట్టిన పేరు.

కన్సోల్ కేబుల్ పీకొద్దు. బ్రేక్ సిగ్నల్ వెళితే స్పార్క్ సర్వర్ ఉన్నచోటే ఆగిపోతుంది.

అలా ఆగి ఓకే ప్రాంప్ట్ కనిపిస్తే బూట్ అని కొట్టొద్దు. గో అని కొట్టండి, ఆగిన చోటు నుంచి నడుస్తుంది.

స్లాష్ హోమ్ కింద ఫోల్డర్ తయారవకపోతే పర్మిషన్లు మార్చొద్దు. అది ఆటోమౌంటర్ (అవసరమైనప్పుడు ఫోల్డర్లను తగిలించే సర్వీస్) చేతిలో ఉంటుంది. యూజర్ల ఇళ్లు ఎక్స్‌పోర్ట్ హోమ్ కింద ఉంటాయి.

పింగ్ కొడితే ఈజ్ అలైవ్ అని ఒక్క లైన్ ఇచ్చి ఆగుతుంది. అది ఎర్రర్ కాదు. ఊరికే టికెట్ వేయొద్దు.

ఎక్కడో దొరికిన ప్యాచ్ ఎక్కించొద్దు. కంపెనీ సపోర్ట్ అకౌంట్ ఎవరి దగ్గరుందో సీనియర్ రైలెక్కే ముందే అడిగి తెలుసుకోండి.

కేటీ (పని అప్పగించే) సెషన్‌లో రికార్డింగ్ ఉంది కదా అని ఊరుకోవద్దు. అర్ధరాత్రి రెండింటికి ఎవరూ రికార్డింగ్ చూడరు. ఆ సర్వర్‌లో రోజూ నడిచే పది కమాండ్‌లు వెర్షన్‌తో సహా చేత్తో రాసి తీసుకోండి.

లినక్స్ విండో, సొలారిస్ విండో పక్కపక్కన పెట్టుకోవద్దు. తప్పదంటే రంగులు మార్చండి. రూట్ విండోకు ఎరుపు.

అర్థం కాకపోతే సీనియర్‌కి ఫోన్ చేయండి. పండగ పూట విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఎంటర్ నొక్కే ముందు చెయ్యి ఆపి, ఈ కమాండ్ మ్యాన్ పేజీని ఈ మెషీన్‌లోనే చదివానా అని అడగండి. చదవలేదా? టైప్ చేసిన లైను మొత్తం చెరిపేయండి.