బొమ్మల పిరియడ్‌లో వచ్చే చిక్కులు: ఎందుకు వస్తాయి, ఎలా సరిచేయాలి

ప్రాథమిక పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారు ఉండడం అరుదు. లెక్కలు చెప్పే టీచరే బొమ్మలూ వేయించాలి. ఇది వారికోసం. బొమ్మ కుదరనప్పుడు పిల్లల చేతిని తప్పు పట్టే ముందు మనం ఇచ్చిన కాగితాన్ని, రంగును, అప్పగించిన పనిని అనుమానించండి. చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.

తరగతి మొత్తం ఒకే బొమ్మ వేస్తోంది

రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద ఏరు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు, పైన నాలుగు పక్షులు. శ్రీకాకుళంలో అయినా ఆదిలాబాద్‌లో అయినా ‘సీనరీ వేయండి’ అంటే వచ్చేది ఇదే. సముద్రం ఒడ్డున పెరిగే పిల్లలు కూడా సూర్యుణ్ణి కొండల మధ్యే పెడతారు.

ఇది చూసి వేసిన బొమ్మ కాదు, ఎక్కాల్లా కంఠస్థం చేసిన బొమ్మ. అక్క పుస్తకంలోంచో, మనం నల్లబల్ల మీద వేసి ‘ఇలా వేయండి’ అన్నదానిలోంచో వచ్చి చేతిలో స్థిరపడిపోయింది.

‘చెట్టు వేయండి’ అనడం మానేసి ఒక్కొక్కరి చేతిలో ఒక వేపరెమ్మ పెట్టండి. ఒక్క ఆకును పట్టుకుని నడిమి ఈనెకు రెండు వైపులా చూడమనండి. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. మొదలు దగ్గర ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అంచుకు రంపపు పళ్లు, కొస కొంచెం వంపు. ‘నా ఆకు ఎడమకు తిరిగింది’, ‘నాదాన్ని పురుగు తినేసింది’ అని పిల్లలే చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు కాగితం ఇవ్వండి. ఏ ఇద్దరి బొమ్మా ఒకేలా రాదు. నల్లబల్ల మీద వేసి చూపక తప్పకపోతే మూడు రకాలుగా వేసి, మూడూ చెరిపేశాకే వాళ్లను మొదలుపెట్టనివ్వండి.

‘నాకు రాదు టీచర్’

ఒకటో తరగతిలో ఈ మాట దాదాపు వినిపించదు, నాలుగు, ఐదు తరగతుల్లో వినిపిస్తుంది. తొమ్మిదేళ్లు వచ్చేసరికి బొమ్మ అచ్చం అసలు వస్తువులా ఉండాలన్న పట్టుదల పుడుతుంది. కన్ను ఎదిగినంత వేగంగా చేయి ఎదగదు. అందుకే గీయడం, చెరపడం, కాగితానికి చిల్లు పడడం.

ఆ ఒక్క పిరియడ్‌కు రబ్బర్లన్నీ పెట్టెలో వేయించి, బాల్ పెన్నుతో గీయించండి. తప్పు గీత పక్కనే ఇంకో గీత గీయవచ్చని చెప్పండి. పిల్లల కాగితం మీద మీరు మాత్రం గీత పెట్టకండి. ‘ఇలా ఇవ్వు, నేను దిద్దుతాను’ అన్న క్షణం నుంచి ఆ బొమ్మ మీది అయిపోతుంది. చూపించాలంటే వేరే కాగితం మీద చూపించండి. ‘చాలా బాగుంది’ అనే మాట కూడా పెద్దగా ఉపయోగపడదు. ‘మేక కాళ్లు వంగినట్టు వేశావు, పరిగెడుతోందా?’ అని అడగండి. మీరు నిజంగా చూశారని పిల్లలకు అర్థమవుతుంది.

ఆకాశం పైన ఒక పట్టీ, నేల కింద ఒక గీత, మనిషి ఇంటికంటే పెద్ద

దీన్ని సరిచేయకండి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలు తమకు తెలిసినదాన్ని వేస్తారు, కంటికి కనబడేదాన్ని కాదు. ఆకాశం పైన ఉంటుందని తెలుసు, పైన వేశారు. అమ్మ ముఖ్యం, పెద్దగా వేశారు. పిల్లల బొమ్మలను అధ్యయనం చేసిన కళా విద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే ఈ దశను వివరంగా రాశారు. కథలు చెప్పడానికి తెలంగాణలో వేసే మన చేర్యాల నకాశీ పటాల్లోనూ ఎర్రటి నేల మీద కథలో ముఖ్యులైనవారే పెద్దగా కనిపిస్తారు. వీలైతే ఒక చేర్యాల పటం ఫొటో తెచ్చి తరగతిలో చూపించండి.

రంగులన్నీ కలిసి బురదగా మారాయి

ఒకే గిన్నెలో నీళ్లు, కడగని కుంచె, ఒకేసారి పన్నెండు రంగులు, తడి ఆరకముందే రెండో రంగు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. ఎరుపు, ఆకుపచ్చ తడిగా ఉండగానే కలిస్తే గోధుమరంగు తప్ప మరొకటి రాదు.

ఇద్దరికి రెండు డబ్బాల నీళ్లు ఇవ్వండి, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి. పక్కనే ఒక పాత గుడ్డ. మొదటి వారం పసుపు, నీలం మాత్రమే ఇవ్వండి. ముందు పసుపు తీసుకుని అందులో నీలం కొద్దికొద్దిగా కలపమనండి. నీలంలో పసుపు కలిపితే ఎంత పోసినా నీలమే గెలుస్తుంది. ఆ రెండు రంగుల్లోంచి ఎన్ని ఆకుపచ్చలు వస్తాయో పిల్లలను పందెం వేసుకోనివ్వండి. లేత అరటాకు, ముదురు మామిడాకు, తాటాకు అని పేర్లు వాళ్లే పెట్టుకుంటారు.

నోటుపుస్తకం కాగితం నీటి రంగుకు ఆగదు, ముడతలు పడి చిరుగుతుంది. కనీసం 120 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) డ్రాయింగ్ షీటు కావాలి. అది లేని రోజు క్రేయాన్లు చాలు. విరిగిన క్రేయాన్లు పారేయకండి. పైకాగితం ఒలిచి, అడ్డంగా పట్టుకుని రుద్దితే వెడల్పైన పూత వస్తుంది.

బెండకాయ అచ్చు పువ్వులా కాక మరకలా పడుతోంది

డిజైన్ అంటే ఏమిటో పిల్లలకు చేతికి అందించేది ఇదే. బెండకాయను అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు సిద్ధంగా ఉంటుంది. అచ్చు చెడడానికి కారణం కాయలోని జిగురు, పలుచటి రంగు. ముందే కోసి, కోసిన ముఖాన్ని గుడ్డతో అద్ది, కాసేపు ఆరనివ్వండి. రంగును గిన్నెలో కాక తడిపి పిండిన స్పాంజి ముక్క మీద చిక్కగా పూసి, దాని మీద అద్దించండి. కాగితం కింద నాలుగు పొరల వార్తాపత్రిక పరిస్తే ఒత్తిడి సమంగా పడుతుంది.

తర్వాత అసలు పని. ఒకే అచ్చును వరుసగా, ఒకటి విడిచి ఒకటి, గుండ్రంగా వేయించండి. మచిలీపట్నం కలంకారీలో చెక్క అచ్చులతో చేసేది ఈ పనే. ముగ్గులు వేసే ఇంటి పిల్లలకు చుక్కల వరుస ముందే తెలుసు. వాళ్లను సాయం అడగండి.

మట్టిబొమ్మ చేతులు ఊడిపోతున్నాయి

అతికే రెండు చోట్లా పుల్లతో గీతలు పెట్టి, పలుచటి మట్టి పూసి నొక్కాలి. ఎండలో పెడితే పగులుతుంది, నీడలో ఆరనివ్వండి.

గంట కొట్టినా సర్దడం అవలేదు

40 నిమిషాల పిరియడ్‌లో చివరి పది నిమిషాలు సర్దుకోవడానికే. కాగితం వెనక పేరు మొదలుపెట్టకముందే రాయించండి. తడిసిన కాగితం మీద పెన్సిల్ పలకదు. కుంచెలు కడగడానికి ఇద్దరిని, నీళ్లు పారబోయడానికి ఒకరిని వారంవారం మార్చండి. తడి బొమ్మలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా వరండాలో పరిచి, మూలల మీద చిన్న రాళ్లు పెట్టించండి.