యూనివర్సిటీ ఉద్యోగుల మనసులో మాట: సర్వే ఎలా చేయాలి?

పెద్ద యూనివర్సిటీలో ఉద్యోగులంటే ప్రొఫెసర్లు మాత్రమే కాదు. నాన్ టీచింగ్ సిబ్బంది, కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్ట్ ఫ్యాకల్టీ, మెస్‌లోనూ సెక్యూరిటీలోనూ పారిశుద్ధ్యంలోనూ ఉన్న ఔట్‌సోర్సింగ్ వాళ్లు కూడా ఉద్యోగులే. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు జీతం ఏజెన్సీ ఇస్తుంది కాబట్టి రెగ్యులర్ ఉద్యోగుల జాబితాలో వాళ్ల పేర్లు దొరకవు. ముందుగా ఏజెన్సీల హాజరు పట్టీలు కూడా తెప్పించి, ఏ కేటగిరీలో ఎందరున్నారో లెక్క తేల్చండి.

ఎంతమందిని అడగాలి? 3,000 మంది ఉన్న కేటగిరీలో లాటరీ పద్ధతిన ఎంచుకున్న 341 మంది జవాబిస్తే చాలు, 95 శాతం నమ్మకంతో 5 శాతం అటూఇటూగా ఫలితం వస్తుంది. అంటే ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే సుమారు 95 సార్లు ఫలితం అసలు అంకెకు 5 శాతం లోపు తేడాలోనే ఉంటుంది. అదే 300 మందికైతే 169 జవాబులు కావాలి. అందుకే చిన్న కేటగిరీల్లో అందరినీ అడిగేయడమే మేలు.

ప్రశ్నలు 30 దాటకూడదు. 'జీతం, పని వాతావరణం బాగున్నాయా?' అని రెండు విషయాలు కలిపి అడిగితే ఏ జవాబు దేనికో తెలియదు, విడగొట్టండి. 'యాజమాన్యం' అనే మాట వద్దు. గుమాస్తాకు అది సూపరింటెండెంట్, కాంట్రాక్టు లెక్చరర్‌కు హెచ్‌ఓడీ (శాఖాధిపతి), ఇంకొకరికి రిజిస్ట్రార్. ఎవరి గురించి అడుగుతున్నారో పదవి పేరుతో రాయండి. సంతృప్తికి 1 నుంచి 5 వరకు స్కేలు సరిపోతుంది. పని సంస్కృతి మాత్రం అభిప్రాయాల్లో కన్నా జరిగిన సంగతుల్లో తేలుతుంది: 'గత 12 నెలల్లో మీటింగులో హెచ్‌ఓడీతో విభేదించి మాట్లాడారా?', 'పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం ఏర్పడిన అంతర్గత ఫిర్యాదుల కమిటీని ఎలా కలవాలో తెలుసా?' ఫారం సిద్ధమయ్యాక అన్ని కేటగిరీల నుంచి 15 మందికి ఇచ్చి చూడండి, ఎక్కడ తడబడుతున్నారో కనిపిస్తుంది.

సర్వేలు ఎక్కువగా దెబ్బతినేది భయం వల్లే. ఏటా రెన్యూవల్ కోసం ఎదురుచూసే మనిషి, హెచ్‌ఓడీ చేతికిచ్చే ఫారంలో నిజం రాయడు. ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అడిగినా అంతే. 12 మంది ఉన్న శాఖలో ఒక్కరే మహిళ అయితే, శాఖ, లింగం రెండూ అడగడమంటే పేరు అడిగినట్టే. 10 కన్నా తక్కువ జవాబులొచ్చిన గుంపు ఫలితాన్ని విడిగా ఇవ్వకండి. మొత్తంలోంచి మిగతావాటిని తీసేస్తే ఆ అంకె బయటపడే అవకాశం కూడా ఉండకూడదు. చదవడం రానివారికి బయటి సంస్థ మనిషి తెలుగులో చదివి వినిపించాలి, ఆ సమయంలో సూపర్‌వైజర్ దగ్గర ఉండకూడదు. నింపిన ఫారాలు వేసేందుకు తాళం వేసిన పెట్టె సీసీ కెమెరా లేని చోట పెట్టండి. నైట్ షిఫ్ట్ వాళ్ల దగ్గరికి రాత్రే వెళ్లండి. పరీక్షలు, వాల్యుయేషన్, నాక్ (విద్యాసంస్థలకు గుర్తింపు, గ్రేడు ఇచ్చే సంస్థ) బృందం రాక ఉన్న వారాలు వద్దు.

లెక్కలో మరో పొరపాటు జరుగుతుంది. 400 మంది టీచర్లలో 280 మంది జవాబిచ్చి 70 శాతం సంతృప్తి అన్నారనుకోండి. 1,200 మంది ఔట్‌సోర్సింగ్ వాళ్లలో 240 మందే జవాబిచ్చి 40 శాతం అన్నారు. అన్నీ కలిపేస్తే 56 శాతం వస్తుంది. అసలు సంఖ్యల ప్రకారం తూకం వేస్తే 47.5 శాతమే! ఔట్‌సోర్సింగ్‌లో అయిదుగురిలో ఒక్కరే జవాబిచ్చారన్న సంగతి కూడా రిపోర్టు మొదటి పేజీలో ఉండాలి.

ఆరు వారాల్లోగా ఫలితాలు తెలుగులో నోటీసు బోర్డుల్లో పెట్టండి. చేయబోయే రెండు మూడు పనులు, బాధ్యుల పదవి, గడువు తేదీ పక్కనే రాయండి. మళ్లీ సర్వే చేసేటప్పుడు కనీసం 10 ప్రశ్నలు అక్షరం మార్చకుండా ఉంచితేనే పాత అంకెలతో పోల్చగలరు.